మందిరానికి ఎల్‌ఈడీ గోడ, అప్పుమీద సౌండు, కొత్తవాళ్లకు బహుమతులు: వీటిలో ఏది అవసరం, ఏది సంత?

గుణుపురం_సంఘపెద్ద:

అందరికీ వందనాలు. ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం వైపు ఒక సంఘం విషయం అడుగుతున్నాను. 80 కుటుంబాలు. తెలుగువాళ్లు సగానికి పైన, తర్వాత సవరలు, కొన్ని ఒడియా ఇళ్లు. నెలకు కానుకలు సుమారు 38 వేలు. అందులో పాస్టరుగారి జీతం 14 వేలు.

యవ్వనస్థులు ఫోన్లో పెద్ద పట్టణాల ఆరాధనలు చూస్తున్నారు, నెలలో రెండు ఆదివారాలు అటే పోతున్నారు. వాళ్లను నిలబెట్టాలని కమిటీ ముందు నాలుగు ప్రతిపాదనలున్నాయి.

ఒకటి, 10 అడుగులకు 6 అడుగుల ఎల్‌ఈడీ గోడ, కొత్త స్పీకర్లు కలిపి 6 లక్షలు. 14 శాతం వడ్డీకి 3 ఏళ్ల అప్పు, ఒక పెద్ద పేరుమీద. రెండు, తెలుగు యవ్వనస్థులకు మాత్రమే సాయంత్రం వేరే ఆరాధన. మూడు, అభిషేక తైలం సీసాలు, ఇస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడనే "విత్తన కానుక" కవర్లు పంచే ప్రసంగీకుణ్ణి మూడు రోజుల సభలకు పిలవడం. నాలుగు, క్రిస్మస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకు లక్కీ డ్రా.

మందిరం 30 అడుగుల వెడల్పు, 50 పొడవు, 14 అడుగుల ఎత్తు, ఆర్‌సీసీ కప్పు. వెనక కూర్చున్నవాళ్లకు వాక్యం అర్థం కావడం లేదన్నది నిజమైన ఫిర్యాదే. ఎక్కడ ఆగాలి? తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

---

మైక్‌సెట్_పర్లాకిమిడి:

వందనాలు అయ్యగారూ. సౌండు సంగతి వరకు చెప్తాను.

మీ ఇబ్బంది స్పీకర్ల శక్తి చాలక కాదు. గచ్చు నేల, నున్నటి గోడలు, సిమెంటు కప్పు ఉన్న ఆ కొలత హాల్లో ఒక మాట రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటుంది. రెండో మాట వచ్చేసరికి మొదటి మాట తోక ఇంకా గాల్లోనే ఉంటుంది. వాక్యం తేటగా వినబడాలంటే ఆ మోత సెకను దగ్గరికి దిగాలి. మోగే గదిలో పెద్ద స్పీకరు పెడితే మోత కూడా పెద్దదవుతుంది. 6 లక్షలు పోసినా వెనక వరుస ముసలమ్మకు అర్థం కాదు.

మందిరం ఖాళీగా ఉన్నప్పుడు వేదిక దగ్గర ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, చివరి బల్ల దగ్గర నిలబడినవారు ఆ తోక ఎంతసేపు వినబడిందో లెక్కపెట్టాలి. ముందు ఇది చేయండి.

తర్వాత వెనక గోడ. 50 మిల్లీమీటర్ల మందం, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకు 48 కిలోలు) రాక్‌ఊల్, అంటే రాతి పీచు పలకలు కొని, చెక్క చట్రాల్లో బిగించి, నోటితో ఊదితే గాలి దూరే పలచటి నూలుగుడ్డ చుట్టండి. చట్రానికీ గోడకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంచితే లోతు స్వరాలు కూడా తగ్గుతాయి. వెనక గోడ దాదాపు అంతా, పక్క గోడల్లో కొంత, మొత్తం 400 చదరపు అడుగులు వేస్తే మీ హాలు మారిపోతుంది. థర్మోకోల్, గుడ్ల అట్టలు వద్దు. అవి ధ్వనిని పీల్చవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. రాక్‌ఊల్ కోసేటప్పుడు చేతులకు తొడుగు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వానాకాలం గోడ చెమ్మెక్కే చోట ముందు ఆ కారుడు ఆపాలి, లేకపోతే గుడ్డ బూజు పడుతుంది.

స్పీకర్లు 12 అంగుళాలవి రెండు చాలు. పాతవి పనిచేస్తుంటే అవే ఉంచండి. మైకు కంటే ముందుకి జరిపి, 8 అడుగుల ఎత్తులో పెట్టి, మొహం వెనక వరుసలోని మనుషుల తలలవైపు కిందకి వంచండి. చాలా మందిరాల్లో స్పీకరు ప్రసంగీకుడి వెనక ఉంటుంది, అందుకే కూత. మైకు నోటికి 3, 4 అంగుళాల దూరంలో ఉండాలి. మిక్సరులో 100 హెర్ట్జ్ కింది స్వరాలు కోయండి, 300 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించండి. ప్రసంగం మొదలవగానే ఎకో పూర్తిగా ఆపేయాలి. ఎకో వేస్తే గొంతుకి గాంభీర్యం వస్తుందనుకుంటారు గానీ వాక్యం ముక్కలైపోతుంది.

ఎల్‌ఈడీ గోడ గురించి కూడా. మీరు చెప్పిన కొలత ఐదున్నర చదరపు మీటర్లు. తెల్లటి బొమ్మ పడితే 3 నుంచి 4 కిలోవాట్లు లాగుతుంది. సింగిల్ ఫేజు తక్కువ లోడు కనెక్షన్ మీద ఫ్యాన్లు, ఆంప్లిఫయర్‌తో కలిపి నడిపితే ట్రిప్ అవుతుంది. వారానికొక్క రోజే వెలిగించి మిగతా ఆరు రోజులు మూసిపెడితే మన వైపు తేమకి మాడ్యూళ్లు (గోడను కూర్చే చిన్న పలకలు) చెడతాయి, నల్ల చుక్కలు వస్తాయి. అదే బ్యాచ్ మాడ్యూల్ మళ్లీ దొరక్కపోతే కొత్త ముక్క రంగు వేరేగా కనబడుతుంది. అమ్మేవాళ్లు ఈ సంగతి కొటేషన్‌లో రాయరు.

లౌడ్‌స్పీకరు నియమం కూడా గుర్తుంచుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు నిషేధం. పొరుగువాడి నిద్ర చెడగొట్టి అతనికి సువార్త వినిపించలేం.

---

ఖాతాపుస్తకం:

అప్పు లెక్క కాగితం మీద పెడదాం. 6 లక్షలు, 14 శాతం, 36 నెలలు. నెల వాయిదా సుమారు 20,500. మొత్తం కట్టేది 7 లక్షల 38 వేలు. అంటే వడ్డీయే 1 లక్షా 38 వేలు. మీ 38 వేలలో జీతం 14, వాయిదా 20న్నర పోతే మిగిలేది 3,500. కరెంటు బిల్లు, వితంతువులకు సహాయం, సండే స్కూల్ పుస్తకాలు, మందిరం రిపేరు అన్నీ అందులోనే జరగాలి.

ఇలాంటి అప్పు తర్వాత సంఘంలో ఏం జరుగుతుందో వరస దాదాపు ఒకటే. మూడో నెలకి వాయిదా తగ్గుతుంది. ప్రసంగంలో దశమభాగం మాట ప్రతి వారం వస్తుంది. ఇవ్వగలిగినవాళ్లకు ముందు బల్లలు, ఇవ్వలేనివాళ్లకు మొహమాటం. ఆ మొహమాటంతో మొదట మానేసేది కూలి కుటుంబాలు. యవ్వనస్థుల్ని నిలబెట్టడానికి తెచ్చిన గోడ పేదవాళ్లను బయటికి నెడుతుంది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి పేదవాణ్ణి నిలబెట్టిన సంగతి ఇదే.

ఇంకో ప్రమాదం, అప్పు ఒక పెద్ద పేరుమీద ఉండడం. బ్యాంకు దృష్టిలో బాకీదారు ఆయనే, సంఘం కాదు. రేపు కమిటీ మారితే, మాట తేడా వస్తే, ఆయన ఇల్లు చిక్కులో పడుతుంది. లేదా ఆ గోడ నాది అని ఆయన అంటాడు. రెండూ సంఘాన్ని చీలుస్తాయి.

కానుకల లెక్కకు నా సలహా. సంబంధీకులు కాని ఇద్దరు ఆరాధన అయిన వెంటనే, మందిరం దాటకుండా, అందరికీ కనబడే బల్ల మీద లెక్కించాలి. నోట్లు, చిల్లర విడివిడిగా రిజిస్టర్లో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. అందులోంచి ఖర్చుకు తీయకూడదు, ఖర్చు ఏదైనా బ్యాంకునుంచే జరగాలి. ముగ్గురు సంతకందార్లు ఉంటే ఇద్దరి సంతకంతో డబ్బు తీసేలా ఖాతా పెట్టండి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకే ఉండాలి, పాస్టరుగారి సొంత ఖాతాకి వద్దు. ఆయన నిజాయితీ మీద అనుమానంతో చెప్పడం లేదు, ఆయనకు రక్షణగా చెప్తున్నాను. ప్రతి ఆదివారం ఒకరు ఒక రూపాయి పంపి తెరమీద సంఘం పేరే వస్తుందో లేదో చూడాలి, స్టిక్కరు మీద వేరే స్టిక్కరు అంటించే మోసాలున్నాయి.

పౌలు యెరూషలేము పేదలకు చందా తీసుకెళ్తూ ఒంటరిగా పోలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. ఎందుకో 2 కొరింథీ 8:20, 21లో ఆయనే చెప్పాడు, చదవండి.

ఫ్యాను రెక్కల మీద, బల్లల వీపుల మీద దాతల పేర్లు రాయించే అలవాటు కూడా ఆపండి. రాసినవి చెరపక్కర్లేదు, గొడవలవుతాయి. కొత్తవాటి మీద రాయకండి. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవడం కూడా వద్దు. నెల మొత్తం, ఖర్చు మొత్తం గోడకి అంటిస్తే చాలు.

---

జయపురం_వేదాంతం:

మీ రెండో, మూడో ప్రతిపాదనల గురించి రాస్తాను. ఇవి కొత్త ఆలోచనల్లా కనబడతాయి గానీ వీటి పుట్టుక వేరే దేశంలో, వేరే అవసరంలో.

దైవకృపకు వెల కట్టి అమ్మడం పాత రోగమే. 1517లో జర్మనీలో టెట్‌జెల్ అనే ప్రసంగీకుడు పాపశిక్షల మాఫీ పత్రాలు అమ్ముతుంటే, అందులో సొమ్ము రోములో సెయింట్ పీటర్ మందిర నిర్మాణానికి పోతుంటే, లూథర్ 95 సిద్ధాంతాలు రాశాడు. కోరాపుట్ వైపు 1882లో జర్మనీనుంచి వచ్చిన బ్రెక్లుం మిషనరీలు ఆ లూథర్ వారసులే. అందుకే ఈ జిల్లాల్లో తైలం సీసాకు వెల కట్టి అమ్మితే నాకు మరీ బాధ.

19వ శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో ముందు బల్లలకు అద్దె వసూలు చేసిన మందిరాలుండేవి. తర్వాత వచ్చిన మార్పు ఇంకా లోతైనది. 1955లో రాబర్ట్ షుల్లర్ అనే పాస్టరు కాలిఫోర్నియాలో కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానంలో ఆరాధన మొదలుపెట్టాడు. అది పెరిగి 1980 నాటికి అద్దాల మహామందిరం అయింది. 2010లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది, భవనం కతోలిక డయసిస్ కొనుక్కుంది. 1975లో షికాగో దగ్గర ఒక సినిమా హాల్లో మొదలైన విల్లో క్రీక్ సంఘం, మందిరానికి రానివాళ్లను "ఎందుకు రారు" అని ఇంటింటికీ అడిగి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి ఆరాధన అమర్చింది. 2007లో వాళ్లే తమ సొంత పరిశీలన బయటపెట్టారు. కార్యక్రమాలకు ఎక్కువ హాజరవడం వల్ల దేవుని మీద, పొరుగువారి మీద ప్రేమ పెరగలేదని అందులో తేలింది. ఒప్పుకోవడంలో వాళ్ల నిజాయితీని గౌరవించాలి. పాఠం మాత్రం మనం నేర్చుకోవాలి.

తెలుగువాళ్లకే వేరే ఆరాధన అన్న ఆలోచన వెనక డొనాల్డ్ మెక్‌గావ్రన్ అనే మిషనరీ ఉన్నాడు. 1897లో మన దేశంలోనే, దమోహ్‌లో పుట్టాడు. కుల, భాషల గోడ దాటక్కర్లేకుండా జనం క్రీస్తు దగ్గరికి రావడానికి ఇష్టపడతారని మధ్య భారతంలో పనిచేస్తూ గమనించాడు. ఆ గమనింపు అమెరికాలో ఒకే ఆదాయం, ఒకే వయసు, ఒకే అభిరుచి ఉన్నవాళ్లకి సంఘం కట్టే పద్ధతికి ఊతమైంది. దుకాణం తన గిరాకీని ఎంచుకున్నట్టు. సవర, తెలుగు, ఒడియా ఒకే బల్ల దగ్గర రొట్టె తింటున్న సంఘాన్ని యవ్వనస్థుల అభిరుచి కోసం విడదీస్తే, పోయేది ఏ ఎల్‌ఈడీ గోడా తిరిగి తేలేదు. యవ్వనస్థుల కూటం వారంలో వేరే రోజు పెట్టండి, తప్పులేదు. ఆదివార ఆరాధన, ప్రభురాత్రి భోజనం మాత్రం కలిసే ఉండాలి.

"విత్తన కానుక" మాట అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ అనే స్వస్థత సభల ప్రసంగీకుడి ప్రచారంలోంచి వచ్చింది. దానికి చూపే వచనం 2 కొరింథీ 9లో ఉంది. అధ్యాయం మొత్తం మొదటినుంచి చదివితే ఆ విత్తడం యెరూషలేములో ఆకలిగా ఉన్న పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందా అని తెలుస్తుంది. ఇచ్చినవాడి సొంత ఇంటి అప్పు తీరడానికి కాదు. కోతలో వచ్చేది "నీతిఫలాలు" అని అక్కడే ఉంది. ప్రసంగీకుణ్ణి పిలిచే ముందు ఈ ఒక్క అధ్యాయం మీద ఏం చెప్తారో అడగండి.

---

స్త్రీలసమాజం_రాయగడ:

అన్నయ్యా, తైలం, బహుమతుల గురించి నేను చెప్తాను.

యాకోబు 5:14లో నూనె రాసేది సంఘ పెద్దలు, రోగి ఇంట్లో, ప్రార్థనతో. సీసాకు వెల లేదు, పేరు లేదు. వంటింట్లో ఉన్న నూనె చాలు. సీసా మీద, పాంప్లెట్ మీద "షుగరు తగ్గును, పక్షవాతం పోవును" అని వేస్తే విశ్వాసం సంగతి అటుంచి చట్టమే ఒప్పుకోదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మహిమగల వస్తువులతో అలాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటించడాన్ని నిషేధించింది. ప్రకటన వేసినవాళ్లతో పాటు అందులో పాలుపంచుకున్నవాళ్లూ బాధ్యులే, అంటే కమిటీ కూడా.

దానికంటే పెద్ద భయం మందులు మానేయడం. టీబీ కోర్సు సాధారణంగా 6 నెలలు. దగ్గు తగ్గగానే స్వస్థత వచ్చిందని రెండో నెలలో ఆపేస్తే క్రిమి మందులకు లొంగని రకంగా తిరిగి వస్తుంది, ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. బీపీ మాత్ర, ఇన్సులిన్, మూర్ఛ మాత్ర ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత ప్రార్థన చేసే ప్రతిచోటా ప్రార్థన అయిన వెంటనే అదే మైకులో "డాక్టరు చెప్పేదాకా మందులు ఆపకండి" అని తెలుగులో, సవరలో, ఒడియాలో చెప్పాలి. చెప్పడానికి ఒప్పుకోని ప్రసంగీకుణ్ణి వేదిక ఎక్కించకండి.

లక్కీ డ్రా పూర్తిగా వద్దు. ఒడిశాలో 1967 నుంచి, ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని నిషేధించే మత స్వాతంత్ర్య చట్టం ఉంది. ప్రలోభం అన్నమాట కింద డబ్బు రూపంలోగానీ వస్తు రూపంలోగానీ ఇచ్చే బహుమానం కూడా వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకే కుక్కరు, మిక్సీ ఇస్తే మీరు ఏ ఉద్దేశంతో ఇచ్చినా చూసేవాడు వేరేలా రాస్తాడు, ఫిర్యాదు వస్తే తిరగాల్సింది కమిటీయే. వచ్చినవాళ్లక్కూడా అది మర్యాద కాదు. ఆరాధనకి వచ్చిన మనిషిని గిరాకీలా చూడకూడదు. ఊళ్లో అందరికీ ఒకే పంక్తిలో భోజనం పెట్టండి, పేర్లు రాయించుకోకండి.

డబ్బు తక్కువైతే గుప్పెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టండి. వండే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేస్తే అది సుమారు 45 గ్రాములు. పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు, నెలకి 2.7 కిలోలు. 50 ఇళ్లు చేస్తే 135 కిలోలు. ఇక్కడ తరచు జరిగే పొరపాటు అన్నీ ఒకే గోనెలో పోయడం. పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యం కలిస్తే రెండూ వేర్వేరు వేగంతో ఉడుకుతాయి, ఎవరికీ పనికిరావు. రెండు గోనెలు పెట్టండి, అడుగున ఎండు వేపాకు వేయండి, నెల దాటి నిలవ ఉంచకండి. నెలాఖరు శనివారం తూచి, రిజిస్టర్లో రాసి, వృద్ధులకూ వితంతువులకూ ఇంటికే పంపండి. మందిరంలో నిలబెట్టి ఇచ్చి ఫోటోలు తీయకూడదు. దేని దగ్గర ఆగినా ఆగండి గానీ ఈ ఫోటో దగ్గర తప్పకుండా ఆగండి.

---

రెండులిపులు:

ఒక సంగతి ఎవరూ అడగలేదు. ఆ యవ్వనస్థులు తెలుగు చదవగలరా? ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, పాడతారు, అక్షరాలు రావు. ఎల్‌ఈడీ గోడ మీద తెలుగు సాహిత్యం వేసినా వాళ్లు పెదవులే కదుపుతారు. పాటల్లో పాలుపంచుకోలేకపోవడమే ఫోన్లో ఆరాధన చూడ్డానికి ఒక కారణం.

మీరు ఎక్కువగా పాడే 40 పాటలు ఒడియా లిపిలో ఒక చిన్న పుస్తకంగా వేయండి. కంప్యూటరు లిపి మార్పిడి చేస్తుంది గానీ అలాగే అచ్చు వేస్తే తప్పులొస్తాయి. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకే గుర్తు, ఒ, ఓలకు ఒకే గుర్తు. హ్రస్వం దీర్ఘంగా పాడితే తాళం తప్పుతుంది, ఒక్కోసారి అర్థమే మారుతుంది. దీర్ఘం ఉన్నచోట అక్షరం కింద గీత పెట్టి, మొదటి పేజీలో ఆ గుర్తు వివరించండి. ఇంకోటి, ఒడియాలో గుర్తు లేని హల్లుని ఒకారం వైపు పలుకుతారు. "కరుణ" చూసి "కొరుణొ" అంటారు. దీనికి గుర్తులు పెట్టుకుంటూ పోతే పేజీ నిండిపోతుంది. రెండు ఆదివారాలు ఆరాధనకి అరగంట ముందు కలిసి పాడిస్తే సర్దుకుంటుంది. అదే పుస్తకంలో సవర పాటలు 10, ఒడియా పాటలు 10 చేర్చండి. ప్రతి ఆదివారం ఒకటైనా అందరూ నేర్చుకోవాలి.

శ్రుతి గురించి. రికార్డింగ్ ట్రాకులు గాయకుడి గొంతుకి చేసినవి, సంఘానికి చేసినవి కావు. కీబోర్డు స్వరాల్లో చెప్తే, సంఘం హాయిగా పాడేది కింద "ఎ" (A) నుంచి పైన "డి" (D) వరకు, మగవాళ్లు దానికి ఒక స్థాయి కింద. ట్రాకు దాటితే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి రెండు మూడు మెట్లు దించండి. చివరి చరణంలో వాద్యాలు, మైకులు అన్నీ ఆపేయండి. జనం గొంతు వినబడితే అది ఆరాధన. వినబడకపోతే అంతసేపూ పాడింది వేదిక ఒక్కటే అన్నమాట. నెలకొకసారి ఈ పరీక్ష చేయండి, పాట ఎంపిక దానంతటదే మారుతుంది.

---

గుణుపురం_సంఘపెద్ద:

చాలా ఉపకారం చేశారు. గోడ, డ్రా వద్దని కమిటీలో చెప్పడానికి ఇప్పుడు లెక్కలున్నాయి. ఒక్క సందేహం. కోత పండుగకి గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు మందిరంలోనే వేలం వేస్తాం. 60 రూపాయల గుమ్మడికాయ 2,000కి పోతుంది. సీసా తప్పయితే వేలం ఎలా ఒప్పు అని యవ్వనస్థులు అడిగితే ఏం చెప్పాలి?

---

జయపురం_వేదాంతం:

వాళ్లు సరిగ్గానే అడుగుతారు. తేడా ఒకటుంది. 2,000 పెట్టి కొన్నవాడికి అది గుమ్మడికాయేనని తెలుసు, దాన్ని తింటే జబ్బు పోతుందని ఎవరూ చెప్పలేదు. అతను ఇస్తున్నాడు, కొనడం ఒక సాకు. పండించినవాడి చెమటకూ గౌరవం దక్కుతుంది. సీసాలో మాత్రం ఆశ అమ్ముతారు.

అయినా వేలానికీ చెద పడుతుంది. ఇద్దరు కాంట్రాక్టర్లు పంతానికి పోయి పాట పెంచుతుంటే, గుప్పెడు చోళ్లు (రాగులు) తెచ్చిన సవర అవ్వ కానుక ఎవరికీ కనబడదు. వేలం మందిరం లోపల కాకుండా ఆవరణలో, ఆశీర్వాదం అయిపోయాక పెట్టండి. ముందు అందరి కానుకలూ, చోళ్లు గుప్పెడైనా, ఒకే బల్ల మీద పెట్టి ప్రార్థించండి.

---

ఖాతాపుస్తకం:

వేలం పాడినవాళ్ల బాకీ కూడా చూసుకోండి. పాడిన డబ్బు అక్కడికక్కడే లేదా 7 రోజుల్లో అని ముందే చెప్పాలి. ఏడాది గడిచినా వసూలు కాని వేలం బాకీలు చాలా సంఘాల రిజిస్టర్లలో ఉంటాయి, ఆ బాకీదారే మళ్లీ ముందు బల్లలో కూర్చుని పాట పెంచుతుంటాడు. రాక్‌ఊల్‌కి ఈ ఏడాది కోత పండుగ సొమ్ము సరిపోతుందేమో 400 అడుగుల లెక్క వేయించి చూడండి. చాలకపోతే వెనక గోడ ముందు, పక్క గోడలు వచ్చే ఏడు.